చలికి చేతులు ముడవని గుమాస్తాలు

మా సంగనకల్లు ఎండలు ఎరిగినవారికి, మేము చలినిగూర్చి వ్రాయబోతున్నామంటే నవ్వు రావచ్చును. బళ్ళారి ప్రాంతంలో వేసవి వచ్చిందంటే వండినదీ మిగిలినదీ అంతా ఫ్రిజ్జులోనే. దానిలో పెట్టినదానిలో క్రిములు చచ్చిపోతవని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. యీ నెల ఆ నమ్మకాన్ని కొంచెం కదిలించి చూద్దాము.

చలికి క్రిములు సాధారణంగా చావవు. చాలావాటికి పని మందగిస్తుంది, అంతే. ప్రతి సూక్ష్మజీవిలోను డి.ఎన్.ఎ. అనే దస్త్రం వున్నది. దానిని విప్పి, చదివి, నకళ్ళు తీసి, తెగినచోట అతికే గుమాస్తాలు కొందరున్నారు. డి.ఎన్.ఎ.ను పట్టుకొని పనిచేసే ప్రోటీనులే వారు. (పోలిక మా వృత్తిలోనిది, పాఠకులు మన్నింతురుగాక.) చలిలో డి.ఎన్.ఎ. పేటలు రెండూ బిగుసుకొని విప్పుటకు లొంగవు. ప్రోటీనులకూ కొంకర్లు పోతవి. మన పేగులలో 37 డిగ్రీల వెచ్చదనంలో వుండే ఇ. కోలైని హఠాత్తుగా 10 డిగ్రీలకు దింపితే, తక్కిన పనులు చాలావరకు ఆపి, సి.ఎస్.పి.ఎ. అనే ప్రోటీనును విస్తారంగా తయారుచేసుకొంటుంది. తీసిన నకళ్ళు ముడుచుకుపోకుండా చూడడం దాని పని.

మరి మంచులోనే కాపురమున్నవాటి మాటేమి? హైదరాబాదులో 1977లో ఏర్పడిన సి.సి.ఎం.బి. పరిశోధనశాలవారు దీనిపై ఏళ్ళ తరబడి పనిచేశారు. డాక్టర్ శివాజీ, డాక్టర్ ఎం. కె. రే ప్రభృతులు అంటార్కిటికాలో దొరికిన సూడోమోనాస్ సిరింజీ అనే క్రిమినుండి, నకలు తీసే ప్రోటీనును వేరుచేసి 1999లో ప్రకటించారు. సున్న డిగ్రీలవద్ద కూడ అది తన శక్తిలో నూటికి 10-15 వంతుల పని చేస్తూనే వున్నది. వింత యేమంటే, అది అన్నిటికంటె చురుకుగా పనిచేసేది 37 డిగ్రీలవద్ద! ఆ క్రిమి అంత వేడిలో పెరగనే పెరగదు. అనగా దానికి చలి ప్రియమని కాదు, చలిలోను పని మానదని.

చలిప్రాంతపు ప్రోటీనులన్నీ యిట్లా వుండవు. చాలావాటి కట్టు వదులు. అందుచేత చలిలోను కదలగలవు. అందుచేతనే కాస్త వేడి తగిలితే విడిపోతవి. బిగువుంటే వేడికి నిలుస్తుంది, చలికి కొయ్యబారుతుంది. రెండూ వొకచోట దొరకడం అరుదు.

అతుకువేసే గుమాస్తా కథ మరీ బాగున్నది. రెక్ బి.సి.డి. అనే ఆ ప్రోటీనుకు మూడు భాగాలు. ఏ వొక్కటి తీసివేసినా అదే క్రిమి 22 డిగ్రీలవద్ద బ్రతుకుతుంది, 4 డిగ్రీలవద్ద చస్తుంది. ఇది 2010లో తేలింది. చలిలో డి.ఎన్.ఎ.కు దెబ్బలెక్కువ, మరమ్మతు ఆగితే ప్రాణం ఆగినట్లే.

ఆ 4 డిగ్రీలే మన ఫ్రిజ్జు చలి. అంటార్కిటికా క్రిమివల్ల మనకు భయం లేదుగాని, లిస్టీరియా అనేది వొకటున్నది. అది ఫ్రిజ్జులోను మెల్లగా పెరుగుతుంది. గర్భవతులకు, ముసలివారికి ప్రమాదం, గర్భస్రావాలకూ కారణమవుతుంది. కనుక ఇరుగుపొరుగు కన్నడంవారు తంగళు అనే ఆ చద్దిని, పచ్చిపాలను, రుచి బాగున్నదిగదా అని చల్లగా యివ్వవద్దు. నడుమభాగం కూడ 70 డిగ్రీలకు చేరి, 2 నిమిషాలు వుండేటట్లు కాచాలి. పులుసైతే అడుగునుంచి కలుపుతూ తెర్లనివ్వండి.