చింతపండుతో తోమిన చార్మినార్

పాత నాణేలు పోగుచేసే మగవాళ్లు నలుగురు కలిశారంటే చాలు, మాట తిరిగి తిరిగి మన ఆడవాళ్ల మీదికే వస్తుంది. నాణేలకు చిలుం కన్నా పెద్ద శత్రువులం మనమేనట! వెండి రూపాయి కంటపడితే చింతపండు పెట్టి తోమేస్తామట. చిల్లు పొడిచి మెడలో వేసుకుంటామట. అదీ కాకపోతే పసుపూ కుంకుమా మెత్తి దేవుడి పీటమీద పెడతామట. హనుమకొండలో మా ఇంట్లోనే అలాంటి పండితుడొకడున్నాడు, మా మరిది. రిటైరైన దగ్గర్నుంచీ భూతద్దం, మెత్తటి గుడ్డ, ప్లాస్టిక్ అరల పుస్తకం అతని ఆస్తి. ఆ బల్ల దగ్గరికి చీపురు కూడా పోరాదు. ఈ మాటలు విని విని నా చెవులకే చిల్లులు పడ్డాయి కనుక, మన పక్షాన కూడా నాలుగు మాటలు చెప్పాలి.

చింతపండు సంగతి ముందే ఒప్పేసుకుందాం. ఏళ్ల తరబడి పేరుకున్న నల్లదనమే నాణేనికి అందమనీ, తోమితే ఆ పైపొర పోయి ధర పడిపోతుందనీ వాళ్లంటారు. అది నిజమే. దయచేసి తోమకండి. కానీ నాకు తెలియక అడుగుతాను, ఇత్తడి చెంబు నల్లబడితే "ఈ ఇంట్లో ఎవరికీ ఒళ్లు వంగదు" అన్న నోటితోనే, వెండి రూపాయి నల్లబడితే "ఆహా, ఏం వన్నె!" అంటుంటే, మనం ఏది నేర్చుకోవాలి చెప్పండి?

ఇక చిల్లు. 1943లో యుద్ధం రోజుల్లో లోహం పొదుపు చేయడానికి సర్కారే నడిమధ్య ఇంత చిల్లు పెట్టి పైసాలు వేసింది. సర్కారు పొడిస్తే పొదుపు, మనం పొడిస్తే పాపమూనా? కాసులపేరులోకి ఎక్కిన కాసు తల్లి మెడనుంచి కూతురి మెడకు పోయింది. ఎక్కనివి ఎన్ని కంసాలి కుంపట్లో కరిగిపోయాయో ఏ పండితుడైనా లెక్క తీశాడా?

అసలు విషయానికి వస్తాను. మరిది వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయే నాణెం ఒకటుంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ నాటి హాలీ రూపాయి. ఒకవైపు చార్మినార్, దాని గుమ్మంలో ఆయన పేరు మొదటి అక్షరం 'ఐన్'. ఒక్క గీత చెదరలేదు. ఎక్కడిదనుకున్నారు? మా అత్తగారి సందుగులోది. కొత్త కోడలిగా ఉన్న రోజుల్లో ఐలోని మల్లన్నకు మొక్కుకుని పసుపు గుడ్డలో ముడుపు కట్టారు. మొక్కు తీర్చే లోపల రూపాయే మారిపోయింది! "చెల్లని పైసలు దేవునికెట్ల ఇస్త?" అని ఆవిడ కొత్త రూపాయి కట్టి మొక్కు చెల్లించి, పాతది అట్లాగే గుడ్డలో ఉంచేశారు.

అప్పట్లో మన ఓరుగల్లులో రెండు రకాల రూపాయలు మెలిగేవి. నిజాం హాలీ ఒకటి, ఇంగ్లీషువాళ్ల కల్దార్ ఇంకొకటి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు. అంటే నూరు కల్దార్లకు నూటపదహారు హాలీలూ, పైన కొంత చిల్లర. 1948లో హైదరాబాదు ఇండియాలో కలిశాక హాలీని మెల్లగా వెనక్కి తీసుకుని 1950ల చివరికల్లా దాని కథ ముగించారు. ఈలోగా 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలయ్యాయి. ఈ మార్పులన్నిటినీ కూరల గంప ముందు కూర్చుని, కాగితం కలం లేకుండా నోటితో తేల్చుకున్నది మా అత్తగారిలాంటి వాళ్లే. వాళ్లకు నాణేల సంగతి తెలియదంటే నేనొప్పుకోను.

నాణెం ఎన్ని తక్కువ చేతులు మారితే అంత విలువ, ఇది మరిది చెప్పే మొదటి పాఠం. మంచిదే. మరి చేతులు మారనివ్వని చెయ్యి ఎవరిది? మగవాళ్ల జేబులో పడ్డ రూపాయిలు టీకొట్లకూ, బీడీకట్టలకూ, పేకముక్కలకూ తిరిగి తిరిగి బొమ్మ అరిగి బోడివయ్యాయి. పోపుడబ్బాలో, బియ్యం కుండలో, పసుపు గుడ్డలో పడినవే ముక్కూ మొహంతో మిగిలాయి. ఆవిడేం సరదాకి దాచలేదు. ఎవరికీ లెక్క చెప్పక్కర్లేని సొమ్ము ఆవిడకు ఆ ఇంట్లో అదొక్కటే.

అదే రూపాయి సందుగులో ఉన్నన్నాళ్లు "ముసలమ్మ చిల్లర". పుస్తకంలోకి ఎక్కగానే "నా కలెక్షన్"!

ఈ మధ్య ఫోన్లలో ఇంకో తమాషా మొదలైంది. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయల బిళ్లకు లక్షలిస్తారట, ముందుగా కొంత ఫీజు కడితే చాలట. మాకు ఇలాంటి లావాదేవీలతో సంబంధం లేదు, ఎవరికీ ఫీజులు కట్టకండి అని రిజర్వుబ్యాంకు 2021లోనే హెచ్చరించింది. మా వీధిలో ఆ ఫీజు కట్టబోయినది పోపుడబ్బా ఇల్లాలు కాదు, రెండు డిగ్రీల పెద్దమనిషి. భార్య అడ్డుపడి, "చారాణా కోడికి బారాణా మసాలా ఎందుకు?" అని ఫోను లాక్కుంది. చారాణా బిళ్లకైతే 2011 జూన్ 30తోనే నూకలు చెల్లాయి గానీ, సామెత ఇంకా చెల్లుతోంది.

మరిది పుస్తకంలో ప్రతి అర కిందా సంవత్సరం, లోహం, బరువు రాసి ఉంటాయి. దాచినవాళ్ల పేరుకు గడి లేదు. అందుకని పోయిన నెల నేనే ఒక చీటీ మీద మా అత్తగారి పేరు రాసి, ఆ హాలీ రూపాయి పక్కన దూర్చాను. అతను చూశాడు. పీకి పారేయలేదు. సిరా నాణేనికి మంచిది కాదని గొణుక్కుంటూ, అదే పేరు పెన్సిలుతో మళ్లీ రాసి పెట్టాడు.