ఆంగ్లోపాధ్యాయుని పట్టములో తెలుగునకు స్థానమెక్కడ?

ఉన్నత పాఠశాలలో ఆంగ్లము బోధింపగోరువానికి ఏ విశ్వవిద్యాలయ పట్టము ఉండవలెనను ప్రశ్నకు మన నియామక ప్రకటనలలో స్పష్టమైన సమాధానమే కలదు. పట్టపరీక్షలో ఆంగ్లమును ఐచ్ఛిక విషయముగా చదివియుండవలెను; లేదా ఆంగ్లములో ఎం.ఏ. పట్టమును పొందియుండవలెను. దానితోబాటు ఆంగ్లబోధనపద్ధతిని అభ్యసించిన బి.ఎడ్. పట్టముండవలెను. ఆంధ్రప్రదేశ, తెలంగాణ రాష్ట్రములలో స్కూలు అసిస్టెంటు పదవికి విధించిన అర్హతయొక్క సారాంశమిదియే. ఈ నియమము మంచిదే. పట్టవిద్యార్థులందరును చదువు జనరల్ ఇంగ్లీషు మాత్రమే బోధకునకు చాలదని ఇది గుర్తించినది. ఒకప్పుడు పెక్కు పాఠశాలలలో సాంఘికశాస్త్రము చెప్పువారికే ఆంగ్లమును గూడ అప్పగించుచుండిరి. ఆ స్థితితో పోల్చిచూచిన నిది ముందడుగే. అయినను ఈ నియమము పట్టముయొక్క పేరును అడుగుచున్నది గాని, ఆ పట్టములో నేమి యుండవలెనో అడుగుటలేదు. ఇక్కడ విచారింపదలచినది ఆ రెండవ విషయము.

ఈ విచారణకిది తగిన సమయము. 2030 నాటికి నాలుగేండ్ల సమగ్ర బి.ఎడ్. పట్టమే ఉపాధ్యాయవృత్తికి కనీసార్హత కావలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. విషయజ్ఞానమును, బోధనశిక్షణమును ఒకే పాఠ్యక్రమమున కూర్చు ఈ చదువు 2023–24లో కొన్ని సంస్థలలో ఆరంభమైనది. పాఠ్యప్రణాళిక కుదురుకొనక పూర్వము చేర్చిన విషయము నిలుచును. కుదురుకొనిన పిమ్మట చేర్చుట దుష్కరము. మరియు ఆంధ్రప్రదేశమున 2019లోను, తెలంగాణమున 2022లోను ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమమును విస్తరింపజేయు నిర్ణయములు వెలువడినవి. ఆ నిర్ణయముల మంచిచెడ్డలు వేరు చర్చ. కాని వానివలన ఆంగ్లోపాధ్యాయుని భారము హెచ్చినదనుట నిర్వివాదము. అతని తరగతిలో భాష పట్టుబడని బాలునకు గణితమును అందదు, విజ్ఞానశాస్త్రమును అందదు. ఇంటివద్ద సహాయము చేయువారు లేని పిల్లలకు అతడొక్కడే దిక్కు.

ఇప్పటి పట్టములలో ఏమున్నదో చూతము. ఆంగ్లము ఐచ్ఛికముగాగల బి.ఏ. పాఠ్యక్రమములలోను, ఎం.ఏ. పాఠ్యక్రమములలోను ప్రధానభాగము సాహిత్యము. కావ్యములు, నాటకములు, నవలలు, విమర్శ సిద్ధాంతములు, యుగవిభజనతో కూడిన సాహిత్యచరిత్రము అందులోనివి. అక్కడక్కడ భాషాశాస్త్రమునకొక పత్రము కలదు. బి.ఎడ్. కళాశాల ఇందుకు విరుద్ధమైన దిక్కునుండి వచ్చును. 2014 నాటి నిబంధనలచే ఆ చదువు రెండేండ్లదైనది. పాఠశాలలలో ఇరువది వారముల అనుభవము విధింపబడినది. అక్కడ పాఠపథకము, మూల్యాంకనము, బోధనపద్ధతులు చెప్పుదురు. భాషాజ్ఞానము పట్టకళాశాలలోనే సిద్ధించినదని వారు భావింతురు. భాషను నేర్పువిధమును బి.ఎడ్. చూచుకొనునని పట్టకళాశాల భావించును. ఈ రెండు భావనల నడుమ ఆంగ్లభాషయొక్క నిర్మాణజ్ఞానమే జారిపోవుచున్నది. షేక్‌స్పియరు నాటకములపై వ్యాసము వ్రాయగలిగిన పట్టభద్రుడు ఆరవతరగతి బాలుని వాక్యదోషమునకు కారణము చెప్పలేకపోవుట ఇందువలననే.

ఈ లోపమును పెద్దలు గుర్తింపకపోలేదు. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లసంస్థను నెలకొల్పుటకు ఇదియే ముఖ్యకారణము. ఆ సంస్థయే 1972లో విదేశీభాషలనుగూడ చేర్చుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ఉద్యోగమున నున్న బోధకులకు ధ్వనిశాస్త్రమును, వ్యాకరణమును, బోధనపద్ధతులను నేర్పుటలో అది చేసిన సేవ శ్లాఘనీయము. కాని అట్టి శిక్షణము ఉద్యోగమున చేరిన పిమ్మట కొందరికి మాత్రమే లభించునది. అందరికిని ముందుగనే అందవలసినదానిని కొందరికి ఆలస్యముగా అందించుట శాశ్వత పరిష్కారము కాజాలదు.

పట్టమున చేర్పవలసినది ఆంగ్లభాషాశాస్త్రము మాత్రమేనా? కాదు. తెలుగు బాలునకు ఆంగ్లము నేర్పువాడు తెలుగుభాష నిర్మాణమునుగూడ శాస్త్రరీత్యా ఎరిగియుండవలెను. తెలుగు మాటలాడుట వేరు, తెలుగు నిర్మాణమును ఎరుగుట వేరు. కొన్ని ఉదాహరణములచే ఈ భేదము స్పష్టపడును.

‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’ అను రెండు వాక్యములలోను క్రియ యొక్కటియే. నిత్యవ్యాపారమునకును, భవిష్యత్తునకును వాడుకభాషలో ఒకే రూపము చెల్లును. ఆంగ్లమున ‘కమ్స్’ అనునది వేరు, ‘విల్ కమ్’ అనునది వేరు. బాలుడీ రెంటిని తారుమారు చేసినప్పుడు అది అశ్రద్ధ కాదు. అతని మాతృభాషలోని క్రమమే ఆంగ్లములోనికి నడచివచ్చినది. ‘అతడు ఉపాధ్యాయుడు’ అను వాక్యమున క్రియ లేదు. ఆంగ్లమున ‘ఈజ్’ లేనిదే వాక్యము నిలువదు. ‘మనము’, ‘మేము’ అను భేదమును ఆంగ్లము పాటింపదు. ‘లేచి, స్నానముచేసి, అన్నము తిని, బడికి వెళ్ళినాడు’ అని క్త్వార్థకములతో మనము గొలుసుకట్టు వాక్యమును ఆంగ్లము వేరువిధమున విడదీయును. ‘నిన్న వచ్చిన మనిషి’ యనుటలో విశేషణము నామమునకు ముందు నిలుచును. ఆంగ్లమున అదే యర్థము నామమునకు వెనుక ఉపవాక్యమై వచ్చును. ఇట్టివానిని ఎరిగిన ఉపాధ్యాయుడు తప్పునకు ఎఱ్ఱగీత గీసి ఊరకుండడు. తప్పు ఎచ్చటనుండి వచ్చినదో చూపగలడు.

ఉచ్చారణమునందును ఇంతే. మాతృభాష అడ్డంకి యని మాత్రమే పలువురు తలంతురు. నిజమునకది నిధిగూడ. ‘క్యాట్’ అను మాటలోని అచ్చు తెలుగున లేదని బోధకులు పలుకుదురు. కాని వాడుకలో ‘వచ్చాడు’ అనునప్పుడు ‘చ్చా’లోని దీర్ఘము శుద్ధమైన ‘ఆ’కారము కాదు, పెక్కుమంది నోట నది ఆ ఆంగ్లాచ్చునకు మిక్కిలి దగ్గరి ధ్వని. దానికి లిపిలో ప్రత్యేకాక్షరము లేకుండుటచే మనము గుర్తింపకున్నాము. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ గారలు 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణమువంటి గ్రంథములలో ఇట్టి విషయములు వివరింపబడినవి. అట్లే ‘జొన్న’లోని దంత్య జకారమునుండి ఆంగ్లమున ‘జూ’ అను మాటలోని ధ్వనికి దారి చూపవచ్చును. బాలుని నోటనున్న ధ్వనినే చూపి నేర్పుట సులభము; లేనిదని చెప్పి భయపెట్టుట వ్యర్థము.

ఈ ఆలోచన నూతనమైనది కాదు. 1906 ప్రాంతమున పాఠశాలల పర్యవేక్షకుడైన యేట్సు దొర తెలుగువారి వాడుకభాషకును, బడిపుస్తకముల భాషకును ఇంత భేదమేల యని ప్రశ్నించినాడు. ఆ ప్రశ్నను గ్రహించి ఉద్యమముగా నడిపించిన గిడుగు రామమూర్తి పంతులుగారు స్వయముగా ఉపాధ్యాయులు. సవరభాషను నేర్చి, దానికి వ్యాకరణ నిఘంటువులను కూర్చి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పింపజూచినవారు. విద్యార్థి నోటనున్న భాషను శ్రద్ధగా వినుటతోనే భాషాబోధనము ఆరంభమగునని వారి కృషి నిరూపించినది. ఆంగ్లబోధనమునకును ఆ సూత్రము వర్తించును.

దీనికి మూడు ఆక్షేపణలు రావచ్చును. ఆంగ్లమును ఆంగ్లముద్వారానే నేర్పవలెను గదా, తెలుగుతో పనియేమి యని మొదటిది. తరగతిలో తెలుగు మాటలాడవలెనని మేమనుటలేదు. ఉపాధ్యాయుని మనస్సున తెలుగు నిర్మాణజ్ఞానముండవలెనని మాత్రమే అనుచున్నాము. వైద్యుడు శరీరశాస్త్రమును రోగికి వినిపింపడు. అయినను అది యెరుగక చికిత్స చేయరాదు.

తెలుగునాట పిల్లలందరి మాతృభాష తెలుగు కాదని రెండవది. ఇది సత్యము. హైదరాబాదున ఉర్దూ, ఆదిలాబాదున గోండి, సీతంపేట ప్రాంతమున సవర మాటలాడు పిల్లలు కలరు. ‘స్కూల్’ అను మాటకు ముందు ఇకారము చేర్చి పలుకు ఉర్దూ బాలుని ఇబ్బంది వేరు, తుదిని ఉకారము చేర్చి ‘స్కూలు’ అను తెలుగు బాలుని ఇబ్బంది వేరు. ఇది మా వాదమునకు బలమే గాని బాధకము కాదు. ఒక భాషతో ఆంగ్లమును పోల్చుట నేర్చినవాడు రెండవదానితో పోల్చుటకు వెనుదీయడు.

సాహిత్యమునకు అన్యాయము జరుగునని మూడవది. పాఠ్యక్రమమున చోటు పరిమితము గనుక ఏదియో యొకటి తగ్గక తప్పదు. సాహిత్యచరిత్రమున ఒకటి రెండు పత్రములు తగ్గవలెననియే మా అభిప్రాయము. కావ్యపఠనము తగ్గరాదు. యుగముల పేర్లను, తేదీలను వల్లించుటకంటె ఒక కథను పదము పదమున చదువుట భావిబోధకునకు ఎక్కువ ఉపకరించును.

కావున పాఠశాలలో ఆంగ్లము బోధింపబోవువారి పట్టమున నాలుగు విషయములు తప్పనిసరి కావలెనని సూచించుచున్నాము. మొదటిది, చెవికిని నోటికిని శిక్షణనిచ్చు ధ్వనిశాస్త్ర పత్రము. దీనికి వ్రాతపరీక్షతోబాటు మౌఖికపరీక్షయు ఉండవలెను. రెండవది, ఆంగ్లవ్యాకరణమును, రచనాభ్యాసమును. ప్రతివారమును వ్రాయించి, దిద్ది, తిరిగి వ్రాయింపవలెను. మూడవది, ఆంగ్లమును ప్రాంతీయభాషతో పోల్చిచూచు పత్రము. నాలుగవది, పాఠశాలానుభవకాలమున విద్యార్థుల నోటుపుస్తకములనుండి తప్పులను సేకరించి, వర్గీకరించి, కారణములను విచారించు చిన్న పరిశోధన. నియామకసంఘములును పట్టముయొక్క పేరుతో తృప్తిపడక, ఈ పత్రములున్నవా లేవా యని విచారింపవలెను.

ఈ లోపమునకు ఆంగ్లశాఖలను మాత్రమే బాధ్యులను చేయుట న్యాయము కాదు. మూడవ పత్రమును ఆంగ్లశాఖ ఒంటరిగా నడుపజాలదు. తెలుగుశాఖలలో వ్యాకరణమనగా నేటికిని 1858 నాటి బాలవ్యాకరణ సూత్రములే ముందు జ్ఞప్తికి వచ్చును. ఆ గ్రంథము గౌరవనీయమే. కాని ఆంగ్లోపాధ్యాయునకు కావలసినది నేటి తెలుగుయొక్క వర్ణనము. అట్టి పాఠ్యపుస్తకమును సరళమైన భాషలో సిద్ధపరచుట తెలుగుశాఖల విధి. రెండు శాఖలును ఒక బల్లయొద్ద కూర్చుండి ఈ పని నారంభించినచో, కొత్త పాఠ్యక్రమములు స్థిరపడకమునుపే దీనిని అందులో చేర్చుటకు వీలుకలదు.