పంచాయతీ ట్రాక్టర్‌కు ఉక్కు చట్రం, సీటు బెల్టు పెట్టించండి



పల్లె ప్రగతి కార్యక్రమం 2019లో మొదలయ్యాక తెలంగాణలోని 12,769 గ్రామ పంచాయతీలకూ ట్రాక్టర్, ట్రాలీ, నీళ్ల ట్యాంకర్ సమకూర్చారు. చెత్త ఎత్తేదీ ఆ బండే, మొక్కలకు నీళ్లు పోసేదీ ఆ బండే. అది రోజూ చెరువు కట్ట ఎక్కుతుంది. రోడ్డు వారన వాలులోకి రెండు చక్రాలు దింపి నిలబడుతుంది. ఊరి బయట ఎగుడుదిగుడు నేలలో ఉన్న డంపింగ్ యార్డుకు పోతుంది. ట్రాక్టర్లు బోల్తా పడేది ఇలాంటి చోట్లే. నడిపే మనిషికి మాత్రం ఏ రక్షణా లేదు.

ట్రాక్టర్‌కు చక్రాలు నాలుగైనా అది నిలబడేది మూడు చోట్ల ఆధారంగా. ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంటుంది కాబట్టి, వెనక చక్రాలు రెండూ ఆ పిన్నూ కలిసి త్రికోణమవుతాయి. బండి బరువు ఆ త్రికోణం దాటి ఒరిగిందంటే ఇక ఆగదు. వాలు మీద పల్లం వైపు చక్రం గుంతలో పడినా, మిట్ట వైపు చక్రం రాయి ఎక్కినా చాలు. సగం నిండిన ట్యాంకర్ మరింత ప్రమాదం, లోపలి నీళ్లన్నీ ఒక్కసారిగా పల్లానికి ఒరుగుతాయి. మలుపులో వేగం రెట్టింపైతే బయటికి నెట్టే బలం నాలుగింతలవుతుంది. కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే కొక్కెం వేయకుండా రోడ్డెక్కితే ఒక పక్క చక్రమే ఆగి బండి గిర్రున తిరుగుతుంది.

వెనక్కి తిరగబడటం ఇంకా ఘోరం. నిండు ట్రాలీతో కట్ట ఎక్కుతూ క్లచ్ ఒక్కసారిగా వదిలినా, ట్రాలీని డ్రాబార్‌కు కాకుండా ఇంకా ఎత్తులో తగిలించినా ముందు చక్రాలు లేస్తాయి. అలా లేచిన బండి మళ్లీ దించలేని స్థితికి చేరడానికి సెకను కూడా పట్టదు. ప్రమాదమైతే దూకేస్తామనే డ్రైవర్ అన్నలకు మేం చెప్పేది ఇదే: దూకేంత వ్యవధి ఉండదు.

దీనికి మందు ఎప్పుడో దొరికింది. డ్రైవర్ సీటు వెనక బిగించే ఉక్కు చట్రాన్నే రోల్ బార్ అంటారు. బండి పడినా సీటు దగ్గర మనిషి నలగనంత చోటు మిగులుస్తుంది. స్వీడన్‌లో 1959 నుంచి కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేసి, తర్వాత పాత వాటికీ వర్తింపజేశారు. అక్కడ బోల్తా చావులు దాదాపు ఆగిపోయాయి. అమెరికాలో 1976 నుంచి, కూలికి పెట్టుకున్న మనిషి నడిపే కొత్త ట్రాక్టర్‌కు చట్రం, బెల్టు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత యజమానిదే. మన ఊళ్లో ఆ యజమాని పంచాయతీ, అంటే మనమే.

‘టాప్ ఉందిగా’ అంటారు కొందరు. ఆ టాప్ ఎండకే. బండి మీద పడితే ఆ సన్న గొట్టాలు నిలవవు. ఊళ్లో వెల్డింగ్ చేయించిన చట్రమూ వద్దు, పరీక్షలో నెగ్గిన కంపెనీ చట్రమే కావాలి. చట్రం ఉన్న బండి మీద బెల్టు పెట్టుకోవాలి, చట్రం లేని బండి మీద పెట్టుకోకూడదు. చట్రం లేకుండా బెల్టు ఉంటే మనిషి బండి కిందే ఉండిపోతాడు. చెట్ల కొమ్మలు తగులుతాయంటే మడిచే రకం చట్రాలున్నాయి.

మరో మాట. ఒకే కార్మికుడితో అన్ని పనులూ చేయించే మల్టీపర్పస్ విధానం పేరుతో నిన్నటిదాకా వీధులూడ్చిన కార్మికుణ్ణి ఈరోజు స్టీరింగ్ ముందు కూర్చోబెడుతున్నారు. ఇది అన్యాయం. లైసెన్సు, శిక్షణ ఉన్నవారికే తాళం ఇవ్వాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అలాంటి చోట మన డ్రైవర్లకు శిక్షణ ఇప్పించడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.

చట్రం డ్రైవర్‌నే కాపాడుతుంది, ట్రాలీలో కూర్చున్నవారిని కాదు. 2018 జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. ట్రాలీలోనూ మడ్‌గార్డు మీదా మనుషులను ఎక్కించనివ్వకండి.

వచ్చే గ్రామసభలో తీర్మానం చేయండి. పంచాయతీ ట్రాక్టర్‌కు చట్రం, బెల్టు బిగించాలని, ఆ ఖర్చుకు ఆర్థిక సంఘం నిధులు వాడుకునేందుకు అనుమతివ్వాలని, రైతుల పాత ట్రాక్టర్లకు కూడా సబ్సిడీ మీద చట్రాలివ్వాలని రాయించండి. ప్రతులు ఎంపీడీవోకూ జిల్లా పంచాయతీ అధికారికీ పంపండి. చట్రం బిగించేదాకా ట్యాంకర్‌ను కట్ట వాలులోకి దించనివ్వకండి. దాన్ని చదునులో నిలిపి, పొడుగు పైపుతో మొక్కలకు నీళ్లు పట్టించండి.