హోప్‌టౌన్ రేవులో రెండు నిమిషాలు

ప్రేక్షకుణ్ణి భయపెట్టడానికి ఎంతసేపు కావాలి? రెండు నిమిషాలు చాలునని ఇంగ్లండులో పరీక్షలు నిర్వహించేవారు ఒకప్పుడు నిర్ణయించారు. మీడియా స్టడీస్‌ను పాఠ్యాంశంగా తీసుకున్న పదిహేడేళ్ళ విద్యార్థులకు వారు చాలా సంవత్సరాలపాటు ఒక వింత పని అప్పగించేవారు. లేని సినిమా ఒకటి ఉన్నదని ఊహించుకొని, దాని మొదటి రెండు నిమిషాలను మాత్రం టైటిళ్ళతో సహా తీసి చూపాలి. ఎందరో విద్యార్థులు థ్రిల్లరునే ఎన్నుకునేవారు. పౌరాణికానికి కిరీటాలు కావాలి, ప్రేమకథకు నటన తెలిసినవారు కావాలి. థ్రిల్లరుకు మాత్రం ఒక చీకటి సందూ, వెనుక నుంచి వినిపించే అడుగుల చప్పుడూ ఉంటే చాలునని వారి నమ్మకం.

ఆ నమ్మకం సగమే నిజం. మిగిలిన సగం ఏమిటో తెలుసుకోవడానికి అదే పనిని అండమాన్ దీవులలోని ఒక విద్యార్థికి అప్పగించి చూడవచ్చు. ఊహ అసంగతమేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. 2024 సెప్టెంబరు వరకు పోర్టుబ్లేరుగా పిలువబడి, అటు తర్వాత శ్రీ విజయపురంగా మారిన పట్టణంలో ఇంట తెలుగు, వీధిలో హిందీ మాట్లాడే పిల్లలు అనేకులు. చేతిలో ఫోను ఉన్నది. ఫోనులో కెమెరా ఉన్నది. ఇక కావలసినది ఆలోచన.

మొదట తట్టే ఆలోచన ప్రమాదకరమైనది. అండమాన్ అనగానే బయటివారి మనస్సులో మెదలేది దట్టమైన అడవి, ఆ అడవిలో విల్లు ఎక్కుపెట్టిన మనిషి. 1979లో తపన్ సిన్హా బెంగాలీలో తీసిన 'సబుజ్ ద్వీపేర్ రాజా' అనే సాహస చిత్రంలోనూ, 2023లో వచ్చిన 'కాలాపానీ' అనే హిందీ ధారావాహికలోనూ ఆదివాసుల ప్రసక్తి ఉన్నది. రెండవదానిలో ఉన్నది కల్పిత జాతి. విద్యార్థికి కల్పనతో పనిలేదు. జరవాల అడవి గుండా పోయే రహదారి అతని ఊరికి దూరమేమీ కాదు. బస్సు కిటికీలోనుంచి పది సెకన్ల దృశ్యం దొరికితే చాలు, ఒళ్ళు జలదరించే ఆరంభం సిద్ధమైనట్లే అనిపిస్తుంది.

కాని అది నేరం. 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనలు, తర్వాతి సవరణలతో కలిపి, జరవాలను ఫొటో తీయడాన్ని కూడా శిక్షార్హం చేశాయి. చట్టాన్ని మించిన కారణమూ ఉన్నది. ఆహారం ఎరచూపి జరవా స్త్రీలచేత పర్యాటకుల ముందు నృత్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడినప్పుడు దేశం తలవంచుకోవలసి వచ్చింది. అంతకు ముందు 1974లో ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్ళిన డాక్యుమెంటరీ బృందానికి బాణాలు స్వాగతం పలికాయి. ఒకటి దర్శకుని తొడలో దిగింది. ఆ బాణాలలో ఉన్నది క్రౌర్యం కాదు, తలుపు మూసుకొనే హక్కు. ఒక జాతి తన ఇంటిని కాపాడుకోవడాన్ని భయానక దృశ్యంగా మార్చి చూపితే ప్రేక్షకుడు ఉలిక్కిపడవచ్చు. కాని ఉలిక్కిపడినవాడు ఇంటికి తీసుకుపోయేది అబద్ధం.

అట్లయితే భయాన్ని ఎక్కడ వెదకాలి? ఆ దీవుల చరిత్రలోనే, సంధ్యవేళ ఒక రేవులో అది దొరుకుతుంది.

1872 ఫిబ్రవరి 8. భారతదేశపు వైస్రాయి లార్డ్ మేయో ఖైదీల స్థావరాన్ని తనిఖీ చేయడానికి వచ్చాడు. పగలంతా పర్యటించి, సాయంత్రం మౌంట్ హారియట్ అనే కొండ ఎక్కి సూర్యాస్తమయం చూశాడు. 2021లో మౌంట్ మణిపూర్ అని పేరు మార్చుకున్న కొండ అదే. అతడు దిగివచ్చేసరికి చీకటి పడింది. కొండ పాదాన ఉన్న రేవు పేరు హోప్‌టౌన్, అనగా ఆశాపురం. కాగడాల వెలుగులో, చుట్టూ అంగరక్షకులతో పడవవైపు నడుస్తుండగా చీకటిలోనుంచి ఒక మనిషి దూకి, వెనుకనుంచి రెండుసార్లు కత్తితో పొడిచాడు. వైస్రాయి పడవలో ఓడకు చేరేలోపే ప్రాణం విడిచాడు. పొడిచినవాడు షేర్ అలీ ఆఫ్రిది, ఖైబరు ప్రాంతపు పఠాను. ఒకప్పుడు బ్రిటిషువారి కొలువులోనే పనిచేసి, 1867లో హత్యానేరానికి మరణశిక్ష పొంది, ఆ శిక్ష ద్వీపాంతరవాసంగా మారగా అక్కడికి చేరినవాడు. సత్ప్రవర్తన గల ఖైదీ అని పేరు తెచ్చుకొని, క్షురకవృత్తి చేసుకొనే అనుమతి కూడా సంపాదించాడు. అదే ఏడు మార్చి 11న వైపర్ దీవిలో అతణ్ణి ఉరితీశారు.

ఈ సంఘటనను ఉన్నదున్నట్లు తీస్తే పొడిచే క్షణం ఒక్కటే మిగులుతుంది. అది ఉలికిపాటు, ఉత్కంఠ కాదు. ఈ రెండింటి భేదాన్ని ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక బల్ల కింది బాంబు సాయంతో వివరించేవాడు. బాంబు ఉన్న సంగతి ఎవరికీ తెలియకుండా పేలితే ప్రేక్షకుడు కొన్ని సెకన్లు అదిరిపడతాడు. ఆ సంగతి ముందే ప్రేక్షకుడికి తెలిసి, బల్ల దగ్గర కూర్చున్నవారికి తెలియకపోతే, వారు మాట్లాడుకొనే పొడిమాటలు కూడా అతణ్ణి నిమిషాల తరబడి కుదుటపడనివ్వవు. ఆర్సన్ వెల్స్ 1958లో 'టచ్ ఆఫ్ ఈవిల్' చిత్రాన్ని ఈ సూత్రంతోనే ఆరంభించాడు. కారులో బాంబు పెట్టడం చూపి, ఆ కారు వీధులు దాటిపోవడాన్ని మూడు నిమిషాలకు పైగా ఎక్కడా కత్తిరింపు లేకుండా చూపాడు.

కాబట్టి విద్యార్థి కాగితం మీద మొదట వ్రాసుకోవలసినది ఒకే వాక్యం: ప్రేక్షకుడికి ఏమి తెలుసు, పాత్రకు ఏమి తెలియదు? హోప్‌టౌన్ కథలో సమాధానం సులభం. మొదటి షాట్‌లో రాతిమీద కత్తి నూరే చేతులు, ముఖం కనిపించదు. రెండవదానిలో కొండమీద సూర్యాస్తమయం, ఎవరివో నవ్వులు. ఇక ఆ నవ్వుల్లో ఏదీ ప్రేక్షకుడికి నవ్వుగా వినిపించదు. రెండు నిమిషాలంటే 120 సెకన్లు. షాటుకు పది సెకన్ల చొప్పున పన్నెండు షాట్లు. ఈ పన్నెండింటికీ పన్నెండు చిన్న బొమ్మలు గీసుకోవడమే స్టోరీబోర్డు. చిత్రకళ రానక్కరలేదు, మనిషికి ఒక గీత, రేవుకు ఒక గీత చాలు. నడిచేవాడూ, వెంబడించేవాడూ తెరమీద ఒకే దిశకు సాగాలంటే కెమెరా రేవుకు ఒక పక్కనే ఉండాలి. పక్క మారితే ఇద్దరూ ఎదురెదురుగా వస్తున్నట్లు కనిపించి, కథే తారుమారవుతుంది.

తరువాతి లెక్క సూర్యునిది. అండమాన్ గడియారం ఢిల్లీ కాలాన్ని అనుసరిస్తుంది; సూర్యుడు అనుసరించడు. ఫిబ్రవరిలో అక్కడ అయిదున్నర లోపే, హైదరాబాదు కంటే దాదాపు గంట ముందుగా పొద్దు గుంకుతుంది. ముఖాలు కనిపించేటంత నీలివెలుగు అటు తర్వాత ఇరవై నిమిషాలకు మించి నిలవదు. పన్నెండు షాట్లు ఒక్క సాయంత్రంలో పూర్తికావు. మూడు సాయంత్రాలు కావాలి. అప్పుడు సముద్రం అడ్డు వస్తుంది. ఆటుపోట్లు రోజుకు సుమారు యాభై నిమిషాలు వెనక్కు జరుగుతాయి. నిన్న రేవు మెట్టును తాకిన నీరు నేడు అదే వేళకు దిగువన ఉంటుంది. నీరు కనిపించే షాట్లన్నీ మొదటిరోజే తీసి, ముఖాలను తరువాతి రోజులకు ఉంచుకోవడం వివేకం. అలల చప్పుడు, బల్లల కిర్రు, కాగడా చిటపట విడిగా రికార్డు చేసుకోవాలి. ఫోను మైకుకు గాలి తప్ప మరేదీ సరిగా వినిపించదు. రేవులలో చిత్రీకరణకు వ్రాతపూర్వకమైన అనుమతి ముందుగా పొందడమూ ఈ ప్రణాళికలో భాగమే.

చరిత్ర కూడా తన లెక్క అడుగుతుంది. అండమాన్ కథ కదా అని నేపథ్యంలో సెల్యులర్ జైలును చూపితే పప్పులో కాలువేసినట్లే. దాని నిర్మాణం ఆరంభమైనది 1896లో, పూర్తి అయినది 1906లో. షేర్ అలీ కాలానికి ఆ గోడలు లేవు. ఉన్నవి సముద్రమూ, సంకెళ్ళూ.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న చివరిది: కెమెరా ఎవరి పక్షాన నిలవాలి? వైస్రాయి వెనుక నిలిస్తే షేర్ అలీ చీకటిలోని మృగమవుతాడు. షేర్ అలీ వెనుక నిలిస్తే హత్య వీరగాథ అవుతుంది. అడవి మనిషిని రాక్షసునిగా చూపడం ఎంత సులభమో, ఖైదీని రాక్షసునిగానో దేవునిగానో చూపడమూ అంతే సులభం. రెండు నిమిషాల ఆరంభానికి ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. అది తీర్పు చెప్పనక్కరలేదు. ప్రశ్న వేస్తే చాలు. కత్తి పట్టిన చేతులు ఉదయం ఎవరి గడ్డమో శ్రద్ధగా గీసిన చేతులేనని ఒక్క షాట్‌లో చూపగలిగితే, ప్రేక్షకుడు ఆ చేతులకు భయపడతాడు. వాటిని గురించి ఆలోచిస్తాడు కూడా.

పన్నెండవ షాట్‌లో కత్తి లేవకూడదు. కాగడా ఆరిపోవాలి. నల్లని తెరమీద అలల చప్పుడు, ఒక పరుగు, నీటిలో ఏదో పడిన శబ్దం. ఆ తర్వాత సినిమా పేరు.

మిగిలిన సినిమాను ఎవరూ తీయనవసరం లేదు. చూసినవాడు ఇంటికి పోతూ తానే తీసుకుంటాడు.