రాణి దొరకలేదు, ఆనకట్ట దొరికింది

షేబ రాణి నిజంగా ఉందా, లేదా? ఈ టాపిక్ మీద ఏ వీడియో చూసినా ఇదే ప్రశ్న, చివర్లో కాస్త మిస్టరీ మ్యూజిక్, అంతే. నా మటుకు దీనికన్నా మంచి ప్రశ్న ఇంకోటి ఉంది: ఎడారి అంచున ఉన్న ఆ రాజ్యానికి అంత డబ్బు ఎక్కడిది?

ముందు కథ. తెలుగు బైబిల్ చదివినవాళ్లకి షేబదేశపు రాణి తెలుసు. సొలొమోను తెలివిని కష్టమైన ప్రశ్నలతో పరీక్షించడానికి ఒంటెల మీద సుగంధ ద్రవ్యాలు, 120 టాలెంట్ల బంగారం (లెక్కేస్తే సుమారు 4 టన్నులు) వేసుకుని యెరూషలేము వెళ్తుంది. ఖురాన్‌లో ఆమె కబురు హుద్‌హుద్ అనే పిట్ట తెస్తుంది. ముస్లిం సంప్రదాయంలో ఆమె పేరు బిల్కీస్. ఇథియోపియా వాళ్ల ‘కెబ్ర నెగస్త్’లో మాకెదా, అక్కడి రాజవంశానికి మూలపురుషుడైన మెనెలిక్ తల్లి.

ఒక విషయం గమనించండి. బైబిల్ కథలో ఆమె అందం గురించి ఒక్క మాట కూడా లేదు. ఖురాన్‌లో ఉత్తరం రాగానే తన పెద్దలందర్నీ పిలిచి సలహా అడుగుతుంది, యుద్ధం వద్దనుకుని కానుకలు పంపుతుంది. అంటే పాత కథల్లో ఆమె ఒక పాలకురాలు. 1959లో హాలీవుడ్ ‘సోలమన్ అండ్ షీబా’ తీసేసరికి హీరోయిన్ అయిపోయింది! ఇది నాకు నచ్చదు.

ఇక తవ్వకాలు. సబా రాజ్యం ఉన్నది నేటి యెమెన్‌లో, రాజధాని మారిబ్. 1951-52లో వెండెల్ ఫిలిప్స్ బృందం అక్కడి అవామ్ గుడిని తవ్వింది. స్థానికులు దాన్ని బిల్కీస్ గుడి అనే పిలుస్తారు. సబా భాషలో వేల శాసనాలు దొరికాయి కానీ ఈ రాణి పేరు వాటిలో లేదు. అయితే నల్, జీరో ఒకటి కాదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. క్రీ.పూ. 8వ శతాబ్దపు అస్సీరియా రికార్డుల్లో జబీబె, సంసి అనే అరబ్ రాణులున్నారు. వాళ్లు ఉత్తరాది వాళ్లే అయినా, అరేబియాలో ఆడవాళ్లు ఏలారన్నది మాత్రం కట్టుకథ కాదు.

డబ్బు సంగతికొస్తే, సగం సమాధానం సాంబ్రాణి. దక్షిణ అరేబియా సాంబ్రాణి, బోళం ఒంటెల మీద ఉత్తరానికి వెళ్లే దారిలోనే మారిబ్ ఉంది. మిగతా సగం నీళ్లు. వానాకాలంలో వాగుకి వచ్చే వరదని దాదాపు 600 మీటర్ల కట్టతో ఆపి, మట్టం పెంచి, రెండు చివర్లా ఉన్న రాతి తూముల్లోంచి పొలాలకి మళ్లించారు. ఈ ఏర్పాటు వెయ్యేళ్లకు పైగా నడిచింది. ఊరికే నడవలేదు, తెగిన ప్రతిసారీ మళ్లీ కట్టుకున్నారు. క్రీ.శ. 548 నాటి అబ్రహా శాసనంలో రిపేరు పనివాళ్లకి పెట్టిన పిండి, ఖర్జూరం, మాంసం లెక్కలు కూడా ఉన్నాయి. 6వ శతాబ్దం చివర్లో కట్ట మళ్లీ తెగింది. ఈసారి ఎవరూ కట్టలేదు. పొలాలు ఎండిపోయాయి, జనం వలసపోయారు.

నా అభిప్రాయం ఇదే. ఆ సంపద ఒక్క రాణి మాయ కాదు, తరతరాలు మెయింటెనెన్స్ చేసినవాళ్ల కష్టం. కొత్తగా కట్టినవాడికి చప్పట్లు, రోజూ బాగుచేసేవాడికి ఏమీ ఉండదు. కోడ్ రాసే మనకి ఇది బాగా తెలుసు.

ఆ తూములు ఈమధ్య దాకా చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. 2015లో యుద్ధంలో బాంబు పడి వాటిలో ఒకటి దెబ్బతింది. 2023లో యునెస్కో మారిబ్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో, అదే రోజు ప్రమాదంలో ఉన్న వాటి జాబితాలో కూడా చేర్చింది. రాణి ఉందో లేదో తేల్చే శాసనం ఇంకా ఆ ఇసుక కిందే ఉండొచ్చు. కానీ తవ్వాలంటే ముందు ఆ నేల మిగలాలి. రాణి కోసం వెతికే లక్షల మందిలో కొందరైనా ఆ ఆనకట్ట గురించి అడగడం మొదలుపెడితే బాగుంటుంది.