వేన్నీళ్ల సత్రంలో ఇద్దరు

పెళ్లయి పాతికేళ్లు దాటిన మొగుడూ పెళ్లాలు పిల్లల్ని వదిలి రెండ్రోజులు ఎక్కడికైనా వెళ్తే ఏం మాట్లాడుకుంటారంటారు? "పాలవాడికి చెప్పారా?", "గ్యాసు కట్టేశావా?" - ఈ రెండూ అయ్యాక మూడో మాట దొరకడం కాస్త కష్టమే! ఈ చిక్కు మన ఒక్కళ్లదే కాదు లెండి. జపాన్‌లోనూ ఉంది. కాకపోతే అక్కడ మాటలు రాని జంటలు వెళ్లి హాయిగా కూచునే చోటొకటుంది. అదే వేడినీటి బుగ్గల సత్రం.

జపాన్ అగ్నిపర్వతాల దేశం. ఎన్నోచోట్ల భూమిలోంచి వేన్నీళ్లు వాటంతటవే ఉబికి వస్తాయి. వాటిని 'ఓన్సెన్' అంటారు. 1948లో వీటికోసం చట్టమే చేశారు. ఊటలో నీళ్లు కనీసం 25 డిగ్రీల వేడైనా ఉండాలి, లేదా చట్టంలో చెప్పిన ఖనిజాల్లో ఏదో ఒకటి తగినంతైనా ఉండాలి. అలాంటి ఊటల దగ్గర కట్టిన పాత పద్ధతి సత్రాలే 'ర్యోకాన్'లు. యమనాషిలోని కెయున్‌కాన్ క్రీ.శ. 705లో మొదలైందని చెబుతారు. ప్రపంచంలోకెల్లా పాత హోటలని గిన్నిస్ బుక్కు వాళ్లు గుర్తించారు. సత్రమన్నాను కదా అని చవకనుకునేరు! మామూలుగా గదికింతని కాదు, మనిషికింతని లెక్క. రాత్రి భోజనం, పొద్దుటి ఫలహారం అందులోనే కలిపేస్తారు.

మధ్యాహ్నం మూడింటికి వెళ్తే గుమ్మంలో చెప్పులు విప్పించి, 'నకాయ్' అనే పరిచారిక గదికి తీసికెళ్లి టీ, చిన్న మిఠాయి పెడుతుంది. గదిలో మంచాలుండవు. గడ్డి చాపలు పరిచిన నేల, ఓ పొట్టి బల్ల, అంతే. ఇద్దరూ 'యుకాతా' అనే నూలు అంగీలు తొడుక్కుంటారు. ఎడమవైపు అంచు పైకి రావాలి సుమా! కుడి అంచు పైకి వేసేది శవానికే.

ఇక స్నానం. ముందు పీట మీద కూచుని ఒళ్లు శుభ్రంగా తోముకుని, కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి. తొట్టి నానడానికే గాని మురికి వదుల్చుకోడానికి కాదు. ఒంటిమీద బట్టలుండకూడదు. అందుకే ఆడవాళ్లకి వేరు, మగవాళ్లకి వేరు. భార్యాభర్తలు కలిసి కూచోవాలంటే చాలాచోట్ల విడిగా అద్దెకిచ్చే చిన్న తొట్లుంటాయి. ఖరీదైన గదులకైతే వరండాలోనే తొట్టి! నలభై డిగ్రీల నీళ్లలో మెడదాకా మునిగి, ఎదురుగా చెట్లనో మంచునో చూస్తూ కూచుంటే ఎవరికి మాట్లాడాలనిపిస్తుంది చెప్పండి?

రాత్రి భోజనం చిన్న చిన్న గిన్నెల్లో, ఒకదాని తర్వాత ఒకటి వస్తుంది. శాకాహారులు గది తీసుకునేటప్పుడే చెప్పుకోవాలి. కూరల్లోనూ, చారుల్లోనూ 'దాషి' అనే ఎండుచేప రసం కలుస్తుంది మరి. తినడం అయ్యేసరికి పరుపులు వేసి ఉంటాయి.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఆ పూట ఆ ఇల్లాలు లేవక్కర్లేదు. ఇద్దరికీ ఒకేసారి, ఒకేలాంటి గిన్నె వస్తుంది. ఇన్నేళ్లుగా ఆయన తినడం చూసిందే గాని, తనూ వేడివేడిగా తింటూ ఆయన్ని చూసిందెన్నిసార్లు?

అయితే మౌనాలన్నీ ఒకటి కావు. రిటైరయ్యాక భార్యనే పట్టుకు వేళ్లాడే భర్తలకి జపాన్ వాళ్లు 'తడిసిన ఎండుటాకు' అని పేరు పెట్టారు. ఎంత ఊడ్చినా చీపురుకి రాదు కదా! 2007 నుంచి విడాకులు తీసుకుంటే భర్త ఉద్యోగపు పింఛనులో భార్యకి వాటా వచ్చే ఏర్పాటూ వచ్చింది. మాట్లాడక్కర్లేక ఊరుకోవడం వేరు, మాట్లాడి లాభం లేదని ఊరుకోవడం వేరు. ఆ రెండోది వేన్నీళ్లకి కరగదు. దానికి నోరు విప్పాల్సిందే.

ఇంకో మాట. అంత పెద్ద సత్రాన్ని కనిపెట్టుకుని ఉండేది 'ఒకామి' అనే యజమానురాలు. పరుగెత్తి వడ్డించేదీ చాలావరకు ఆడవాళ్లే. ఒకామె కాళ్లు చాపుకోవాలంటే ఇంకొకామె నడుం వంచాలన్నమాట. మన ఇంట్లో ఆ ఇంకొకామె కోడలో, పనమ్మాయో కాకూడదు. నెలకో పూట వంటా, వడ్డనా, గిన్నెలూ ఆయనకీ, పిల్లలకీ అప్పగించి చూడండి. ఉప్పు ఎక్కువైనా పైకి అనకండి!

ఆ సాయంత్రం జపాన్ వాళ్ల 'అషియు', అంటే కాళ్ల స్నానం, మన పెరట్లోనే చేసుకోవచ్చు. రెండు బకెట్లలో చీలమండలు మునిగేలా గోరువెచ్చని నీళ్లు పోసి, పక్కపక్కన కుర్చీలు వేసుకుని పదిహేను నిమిషాలు కూచోండి. షుగరున్నవాళ్లకి పాదాలకి వేడి తెలియకపోవచ్చు. కాబట్టి ముందు ఇంకొకళ్లు మోచేత్తో చూడాలి. తర్వాత వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవాలి.

టీవీ కట్టేయండి. మాటలొస్తే రానివ్వండి, రాకపోతే ఊరుకోండి. నీళ్లు చల్లారేదాకా మాత్రం లేవకండి.