అడ్డచుట్టయు రాచపుండును: ఖరగ్‌పూర్ తెలుగువారితో ఒక మాట

క్యాన్సరు అను పేరు వినగానే మనలో పెక్కురు మాట మార్చుదురు. మన పెద్దలు దీనిని రాచపుండు అనిరి. ఆ పేరు పలుకుటకును జంకి, "ఆ జబ్బు" అని గొంతు తగ్గించి చెప్పుకొనుట నేటికిని వాడుకలో నున్నది. పేరు చెప్పుటకే భయపడు శత్రువును ఎదుర్కొనుట ఎట్లు? ఖరగ్‌పూర్ తెలుగు కుటుంబములకు తరతరములుగా అంటియున్న నోటి క్యాన్సరు, క్యాన్సరులన్నింటిలోను నివారించుటకు మిక్కిలి వీలైన వానిలో నొకటి. అది తొలిదశలోనే కంటికి కనబడును కూడ. అయినను దానివలన ప్రాణములు పోవుచున్నవనిన, అందుకు వ్యాధి బలము ఎంత కారణమో మన మౌనమును అంత కారణమని నా అభిప్రాయము.

మనతో వచ్చిన అలవాటు

బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడినది. ఆ పిదప ఖరగ్‌పూర్‌లో జంక్షనును, పెద్ద వర్క్‌షాపును వెలసినవి. పని కొరకు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వేలకొలది తెలుగువారు ఇచ్చటికి వచ్చి, రైల్వే క్వార్టర్లలోను, మథురాకాటి, నింపుర వంటి పేటలలోను స్థిరపడిరి. వారు తమ భాషను, పండుగలను, గ్రామదేవతలను తెచ్చుకొనిరి. వానితోపాటు అడ్డచుట్టను కూడ తెచ్చుకొనిరి.

అడ్డచుట్ట యన నేమో మన ఇండ్లలో చెప్పనక్కరలేదు. నిప్పు గల కొనను నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చుట. ఉత్తరాంధ్ర తీరమున ఇది ముఖ్యముగా స్త్రీల అలవాటు. గాలికి చుట్ట ఆరిపోదనియు, ఎక్కువసేపు నిలుచుననియు, పనిచేయుచు త్రాగవచ్చుననియు కారణములు చెప్పుదురు. కాని అట్లు త్రాగినప్పుడు పొగయు, వేడియు, బూడిదయు నేరుగా అంగిటిని తాకును. ఇతర ప్రాంతములలో అంగిటి క్యాన్సరు అరుదు. మన తీరప్రాంతమున అది అరుదు కాకపోవుటకు హేతువు ఇదియే.

ఈ సంగతి క్రొత్తగా కనుగొన్నది కాదు. 1937లోనే విశాఖపట్టణపు వైద్యులు కిని, రావు గార్లు ఈ అలవాటునకును, అంగిటి క్యాన్సరునకును గల సంబంధమును వైద్యపత్రికలో ప్రస్తావించిరి. 1971లో డెన్మార్కు దేశపు దంతవైద్య పండితుడు పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులతో కలిసి, ఆంధ్ర గ్రామములలో 10,169 మంది నోళ్లను పరీక్షించి, అడ్డచుట్ట వలన అంగిటిలో కలుగు మార్పులను సవిస్తరముగా ప్రకటించెను. పండితులకు తెలిసిన ఈ సత్యము, చుట్ట త్రాగు మన తల్లులకు వారి భాషలో ఎంతవరకు చేరినదని మనము ప్రశ్నించుకొనవలెను.

వ్యాధి స్వరూపము

మన శరీరము కోట్లాది జీవకణములతో నిర్మితమైనది. పాతవి నశించుచుండగా క్రొత్తవి పుట్టుచుండును. ఎప్పుడు విభజన పొందవలెనో, ఎప్పుడు ఆగవలెనో కణములోపలనే నియమము వ్రాసియుండును. పొగాకులోని విషములు ఏండ్ల తరబడి తాకగా ఆ వ్రాత చెడును. అప్పుడు కణము ఆగక పెరిగి కంతియగును. పిదప పొరుగు భాగములలోనికి చొచ్చుకొని పోయి, మెడలోని గ్రంథులకును, తుదకు దూరపు అవయవములకును ప్రాకును.

కావున ఇది శాపము కాదు, దిష్టి కాదు, పూర్వజన్మ పాపఫలము కాదు. అంటువ్యాధియు కాదు, రోగి త్రాగిన గ్లాసుతో నీరు త్రాగినంత మాత్రమున రాదు. రోగిని వేరుగా కూర్చుండబెట్టుట అజ్ఞానమే కాదు, క్రౌర్యము కూడ.

"మా మామ్మ ఎనుబదియేండ్లు చుట్ట త్రాగినది, ఆమెకేమైనది?" అని కొందరు వాదింతురు. నిజమే, త్రాగిన ప్రతివారికిని ఈ వ్యాధి రాదు. ఎన్నడును త్రాగనివారికిని ఒకప్పుడు రావచ్చును. కాని గేటు వేసియుండగా పట్టాలు దాటి ఒకడు బ్రతికిపోయెనని, గేటే అక్కరలేదని రైల్వే ఊరివారమైన మనము అందుమా?

అలవాటు వేషము మార్చినది

నేటి యువతులలో అడ్డచుట్ట కానరాదని సంతసింతుము. సంతసింపవలసినదే. కాని పొగాకు ఇల్లు విడిచి పోలేదు; వేషము మార్చుకొన్నది. ఉదయమున పండ్లు తోముకొను నెపముతో గుడాకు నోటిలోనికి వచ్చుచున్నది. పొగాకు, బెల్లపు మడ్డి కలిపి నూరిన ఈ ముద్దను పలువురు స్త్రీలు దినమునకు పలుమార్లు చిగుళ్లకు రాచుకొందురు. అది పండ్లపొడి కాదు, పొగాకే. పురుషులకు ఖైనీ, గుట్కా, జర్దా పాన్ సిద్ధముగా నున్నవి. పొగ లేదు గావున హానియు లేదనుకొనుట పొరపాటు. పొగలేని పొగాకును నోటి క్యాన్సరు కలిగించును.

పొగాకు లేని వక్కయు నిర్దోషి కాదు. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో వక్కను మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చినది. వక్కను సదా నములువారికి బుగ్గల లోపలి చర్మము గట్టిపడి, క్రమముగా నోరు తెరచుటయే కష్టమగును. అట్టి నోటిలో క్యాన్సరు పుట్టు ముప్పు హెచ్చు. ఇక పొగాకునకు మద్యము తోడైనచో ఆపద ఒకటికి రెండు కాదు, అంతకు మించును.

2022లో మన దేశమున సుమారు 14 లక్షల మందికి క్రొత్తగా క్యాన్సరు సోకినదని అంతర్జాతీయ అంచనా. వారిలో నోటి క్యాన్సరు రోగులే లక్షా నలుబది వేలకు పైబడిరి.

ఒక పెద్దమ్మ కథ

నా చిన్ననాట మా క్వార్టర్ల వెనుక వరుసలో ఒక పెద్దమ్మ ఉండెడిది. అంగిటిలో చిన్న పుండు లేచినది. నొప్పి లేదు. "వేడి చేసినది" అని మజ్జిగ త్రాగినది, పటిక నీటితో పుక్కిలించినది. నెలలు గడచినవి. పరాయి పురుషుని ఎదుట నోరు తెరచుటకు సిగ్గుపడి, డాక్టరు వద్దకు పోనన్నది. చుట్ట సంగతి కోడండ్రకు తెలిసియు, ఇంటి పరువని ఎవరును పైకి చెప్పలేదు. తుదకు కలకత్తాకు కొనిపోవునప్పటికి వ్యాధి ముక్కు లోనికి ప్రాకియుండెను. ఆమె చావునకు కారణము రాచపుండని అందరు చెప్పిరి. నొప్పిలేని పుండును నమ్ముటయు, సిగ్గును కారణములని నేడు నాకు తోచుచున్నది.

ఈ వ్యాధి తొలిదశలో నొప్పి కలిగింపదు. అదియే దాని కపటము. నొప్పి లేని పుండునే మనము ఎక్కువగా శంకింపవలెను.

కంటికి కనబడు వ్యాధి

పొట్టలోని కంతిని చూచుటకు యంత్రములు కావలెను. నోటిని చూచుటకు దీపమును, అద్దమును చాలును. పూర్వము బండి స్టేషనులో ఆగగానే సుత్తి చేతబట్టిన పనివాడు చక్రము చక్రమును తట్టి, ధ్వని విని, పగులును పట్టుకొనెడివాడు. చక్రము విరిగిన పిమ్మట పరీక్షించుట ఎవరికి ప్రయోజనము? ఈ విద్య మన ఊరికి క్రొత్త కాదు. ఇనుము నుండి దేహమునకు మరల్చుటయే మిగిలినది.

కేరళలో తిరువనంతపురము జిల్లాయందు 1996లో 13 పంచాయతీలలో ఒక పరీక్ష ప్రారంభమైనది. వానిలో కొన్నింట శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికి పోయి, 35 ఏండ్లు నిండినవారి నోళ్లను కంటితో పరీక్షించిరి. వారు డాక్టర్లు కారు. 2005లో ఫలితములు ప్రకటించునప్పటికి, పొగాకో మద్యమో అలవాటు గలవారిలో నోటి క్యాన్సరు మరణములు, పరీక్షలు లేని పంచాయతీలతో పోల్చగా 34 శాతము తగ్గియుండెను. దీపమును, శ్రద్ధయు గల సామాన్యులు ఇంతపని చేయగలిగిరి.

నెలకొకసారి వెలుతురులో అద్దము ముందు నిలిచి, నోరు పుక్కిలించి, అంగిలిని, బుగ్గలను, చిగుళ్లను, నాలుక పైభాగమును, క్రిందిభాగమును, ప్రక్కలను చూచుకొనవలెను. తుడిచినను పోని తెల్లమచ్చ, ఎఱ్ఱమచ్చ, రెండు మూడు వారములకును మానని పుండు, కారణము లేక కారు రక్తము, మెడలో గడ్డ, మ్రింగుటకు కష్టము, తగ్గని గొంతు బొంగురు, నోరు సరిగా తెరచుకొనకపోవుట: వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. మచ్చలన్నియు క్యాన్సరు కావు. పెక్కు మచ్చలు పొగాకు మానినచో తగ్గిపోవుటయు కలదు. ఏది ఏదియో తేల్చువాడు వైద్యుడు.

"కత్తి తగిలినచో జబ్బు ప్రాకును" అను భయము మనలో బలముగా నున్నది. పరీక్ష కొరకు చిన్న ముక్క తీయుట వలన నోటి క్యాన్సరు ప్రాకదు. ఆలస్యము వలన ప్రాకును. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతోనే నయమగు అవకాశము మెండు. ముదిరిన పిమ్మట దవడ, మాట, ధనము, ప్రాణము అన్నియు పణమగును.

నా మనవి

మొదట పొగాకు వాడువారికి. మానుటకు వయస్సు మించిపోవుట యనునది లేదు. పొగ త్రాగుట మానిన 5 మొదలు 10 సంవత్సరములకు నోరు, గొంతు క్యాన్సరుల ముప్పు సగమునకు దిగును. తలనొప్పి, చిరాకు కొన్ని వారములు బాధించి తగ్గిపోవును. తోడు కావలెనన్నవారికి 1800-11-2356 అను ఉచిత జాతీయ ఫోను సహాయము కలదు. బోధ వ్యర్థమనుకొనవలదు. శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము ప్రాంతములలో 36,000 మంది పొగాకు వాడుకదారులపై జరిపిన పరిశీలన 1986లో వెలువడినది. ఓర్పుతో మాట్లాడి నచ్చజెప్పిన చోట అలవాటు విడిచినవారు అధికముగా కనబడిరి. మన పుట్టింటివారు చేయగలిగినది మనమేల చేయలేము?

ఇక సంఘమునకును, అధికారులకును. రైల్వే ఉద్యోగికి నియమిత కాలమున వైద్యపరీక్ష జరుగును. అతని తల్లికిని, భార్యకును అట్టి నియమము లేదు. అడ్డచుట్టయు, గుడాకును వంటింటి వెనుక ఉన్నవి. పరీక్షయు అచ్చటికే పోవలెను. మన దేశమున 30 ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారము పరీక్షించు జాతీయ కార్యక్రమము కలదు. ఆ పరీక్ష కొరకు మన పేటలకు వచ్చువారు స్త్రీలై, తెలుగు తెలిసినవారైనచో, సిగ్గుతో మూసికొన్న నోళ్లు తెరచుకొనును. 2020లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వము తెలుగును అధికార భాషగా గుర్తించుటకు నిర్ణయించినది. ఆ గౌరవము కాగితమునకే పరిమితము కాక, ఆరోగ్యకేంద్రపు గోడపైనను, నర్సు నోటియందును వినబడవలెనని కోరుట అత్యాశ కాదు. మన తెలుగు సంఘములు పండుగ పందిళ్లలో ఒక మూల నోటి పరీక్షకు కేటాయించినచో, దానివలన పండుగ శోభ తగ్గదు.

ఇంటిలోని ఆడపిల్లలను కూడ మరువరాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండ 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు టీకా కలదు. రొమ్ములో గడ్డ, ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము కనబడినచో దాచుకొనరాదు.

తుదకు చిన్నవారితో ఒక మాట. మీ ఇంట చుట్టగాని గుడాకుగాని వాడు పెద్దవారున్నచో, కోపగించకుడు, ఎగతాళి చేయకుడు. ఈ అలవాటు వారు కోరి తెచ్చుకొన్నది కాదు, చిన్ననాడే పెద్దల వలన అబ్బినది. వెలుతురు గల వాకిట కూర్చుండబెట్టి, "మామ్మా, ఒక్కసారి నోరు తెరువమ్మా" అని అడుగుడు. రెండు నిమిషముల పని. ఆ పెద్దమ్మను అట్లు అడిగినవారు ఆనాడు మా వరుసలో ఒక్కరును లేకపోయిరి.